రెండు వెయ్యోవంతుల డెల్బర్ట్

డెల్బర్ట్ స్టూకీకి ఒక్కటే జబ్బు. కంటబడ్డ తూటా గుల్లను కొలవకుండా వదలడు. ఆ వయసువాళ్ల చొక్కా జేబులో కళ్లజోడో, మందుబిళ్లలో ఉంటాయి. అతని జేబులో అంగుళంలో వెయ్యోవంతు కూడా కొలిచే కాలిపర్ ఉంటుంది. గ్రేబెండ్ తుపాకీ క్లబ్బులో ఉన్నది పందొమ్మిదిమంది సభ్యులు. డెల్బర్ట్‌ను పక్కన పెడితే పదిహేడుమంది అతన్ని చూసి నవ్వుతారు. మిగిలిన హార్లన్ డ్రూరీ నవ్వడు, పళ్లు నూరుతాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా డెల్బర్ట్ పక్క బల్ల మీద కాల్చే ఖర్మ పట్టిందతనికి మరి.

తూటా పేలితే దాని ఇత్తడి గుల్ల ఉబ్బుతుంది. తుపాకీలో తాను కూర్చున్న గది ఎంతుంటే అంతకు సాగుతుంది. మళ్లీ వాడుకోవాలంటే దాన్ని ప్రెస్సులో పెట్టి, ఉక్కు అచ్చులోకి నొక్కి, ఒళ్లు తగ్గించాలి, లేకపోతే ఆ గదికి తలుపులాంటి బోల్టు సరిగ్గా మూసుకోదు. గుల్లకు పైన సన్నటి మెడ ఉంటుంది, మెడ కింద వాలుగా భుజం ఉంటుంది. ఒళ్లంతా నొక్కాలి, భుజాన్ని అంగుళంలో రెండు వెయ్యోవంతులు వెనక్కి నెట్టాలి, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకూడదు అన్నది డెల్బర్ట్ మతం. మెడ ఒక్కటి నొక్కితే చాలు, మిగతాదంతా పనీపాటా లేనివాళ్ల యవ్వారం అన్నది హార్లన్ మతం. ఈ మతకలహం క్లబ్బులో ప్రతి ఆదివారం జరిగేది.

"మా నాన్న మెడే నొక్కాడు, మా తాత మెడే నొక్కాడు. నా ఇంట్లో ఎవడూ భుజం జోలికి పోలేదు," అనేవాడు హార్లన్.

"మీ నాన్న బోల్టు మూయడానికి మోకాలు వాడేవాడురా. నేను కళ్లారా చూశాను."

"మోకాలు వాడినా దుప్పిని కొట్టాడా లేదా?"

"కొట్టాడు. బోల్టు మూసిన చప్పుడుకి పరిగెత్తకుండా నిలబడిందంటే అది చెవిటి దుప్పి అయ్యుండాలి."

రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్లు ఇనుము చెక్కే లేతు మిషను తిప్పిన మనిషికి ఇంతకంటే బుద్ధులు ఎలా వస్తాయని హార్లన్ తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. కానీ కొన్ని సర్దుకుపోయేవి కావు. హార్లన్ బావమరిది పోయినప్పుడు మాజీ సైనికుడని శ్మశానంలో గౌరవంగా గాలిలోకి తుపాకులు పేల్చారు. హార్లన్ భార్య మేవిస్ చేతిరుమాలులో ముఖం దాచుకుని ఏడుస్తోంది. పాదిరి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. ఆ నిశ్శబ్దంలో క్లిక్కుమని చిన్న చప్పుడు. చూస్తే, డెల్బర్ట్ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని గుల్లలు ఏరి కొలుస్తున్నాడు.

"ఒరేయ్, లే!" అన్నాడు హార్లన్ పళ్ల సందులోంచి.

"మూడు తుపాకులూ మూడు రకాలుగా ఉబ్బించాయిరా. ఒకదానికి ఏడు వెయ్యోవంతులు! పాపం, మీ బావమరిదికి ఇంతకంటే మంచివి తేవాల్సింది," అన్నాడు డెల్బర్ట్, కళ్లలో నిజమైన నీళ్లతో.

అగ్నిమాపక దళం వాళ్ల పాన్‌కేకుల విందులో అయితే, వడ్డించిన పాన్‌కేకును కాలిపర్‌తో పట్టుకున్నాడు. "అంచు కంటే నడుమ బాగా ఉబ్బింది. మీ పెనం వంగిందమ్మా," అని వంటావిడతో చెప్పాడు. ఆవిడ గరిటె ఎత్తింది. పెనం నిజంగానే వంగిందని తర్వాత తేలింది కానీ, ఆ సంగతి చెప్పి అతని పరువు పెంచాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు.

హార్లన్ కోపానికి అసలు మూలం వేరే ఉంది. ఎనిమిదేళ్ల కిందట డెల్బర్ట్ నస భరించలేక ఒకే ఒక్కసారి ఒళ్లంతా నొక్కే అచ్చు కొన్నాడు. మొదటి గుల్లనే ధీమాగా లోపలికి తోశాడు. అది వెళ్లింది, రాలేదు. లాగితే గుల్ల అడుగు ఊడి చేతికొచ్చింది, మిగతాది అచ్చులో ఉండిపోయింది. సుత్తితో కొడితే అచ్చు కూడా పోయింది.

"మైనం రాశావా?" అన్నాడు డెల్బర్ట్ వచ్చి చూసి.

"ఏం మైనం?"

"గుల్లకి ముందు గొర్రె ఊలు మైనం రాయాలిరా. పొడిగా నొక్కితే ఇత్తడి ఉక్కును పట్టుకుని వదలదు. ఇక్కడ పదేళ్ల పిల్లకి కూడా తెలుసు!"

"ఆ మైనమేదో నీ బుర్రకి రాసుకో!" అని అరిచి, ఆ రోజు నుంచి ఒళ్లు నొక్కడమంతా మోసమని హార్లన్ ఊరూరా ప్రచారం చేశాడు. తన తప్పు అని తెలిసినకొద్దీ అతని గొంతు పెద్దదవుతూ వచ్చింది.

ఇలా ఉండగా, మొన్నటి చలికాలంలో హార్లన్ ఇంటి మెట్ల మీద మంచుకు జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ పట్టు రాలేదు. మే నెలలో మొదటిసారి క్లబ్బుకు వచ్చి, తూటా పెట్టి బోల్టు కిందికి తిప్పబోతే సగంలో ఆగింది. మెడ మాత్రమే నొక్కి నొక్కి వాడిన గుల్లలు. వాటి భుజాలు గదిని ఒత్తుకుని కూర్చున్నాయి. మామూలుగా అయితే మొండిగా అదిమి మూసేవాడే. ఇప్పుడు చెయ్యి ఒప్పుకోలేదు. అటూ ఇటూ చూసి, బల్ల కింద ఉన్న చెక్కముక్క తీసి బోల్టు మీద ఠపీమని కొట్టాడు.

కాల్పుల వరుసకు కాపలా ఉండే ఆర్డిత్ కోనిగ్ అక్కడికి ఎగిరొచ్చినంత పని చేసింది. బడిపిల్లల బస్సు నడిపిన ఆడమనిషి, ఆవిడ గొంతు కొండ అవతలికి వినపడుతుంది.

"లోపల తూటా పెట్టుకుని చెక్కతో కొడతావా? నీకేమైనా మతి పోయిందా హార్లన్?"

"కొంచెం బిగుసుకుంది, అంతే."

"ఇంకొక్కసారి చూశానంటే వరుస నుంచి తీసేస్తా. ఆగస్టు పోటీకి కూడా రానివ్వను. ముప్పై ఒక్క ఏళ్లు కాదు, మూడువందల ఏళ్లు కాల్చినా సరే!"

హార్లన్ చెక్కముక్కను మళ్లీ బల్ల కిందికి తోశాడు. పెళ్లిరోజు మర్చిపోయాడు కానీ ఆగస్టు పోటీ ఒక్క ఏడాది కూడా మానలేదతను. అందులో గెలిచిందీ లేదు. అయినా ఆ వరుసలో తన బల్ల దగ్గర ఇంకొకడు కూర్చోవడం అతని ఊహకే అందలేదు. పక్కన డెల్బర్ట్ హార్లన్ బల్ల మీది తూటా ఒకటి తీసి దాని గుల్ల కొలిచాడు. అతని ప్రసంగం వినడానికి హార్లన్ సిద్ధపడ్డాడు. డెల్బర్ట్ కాలిపర్ జేబులో పెట్టుకుని, హార్లన్ మణికట్టు వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

పోయేటప్పుడు మాత్రం అన్నాడు: "ఒరేయ్, గుల్లలు తోమే కొత్త యంత్రం కొన్నాను. నీవి కూడా ఇవ్వు, తళతళలాడిస్తాను."

"మెరిస్తే గురి కుదురుతుందా?"

"కుదరదు. ఇవ్వు."

హార్లన్ ఇచ్చాడు, స్నేహం కొద్దీ కాదు. తన దిండు గలీబులో మసి గుల్లలు పోసి బట్టలతో పాటు ఉతికిన మొగుణ్ని మేవిస్ ఆ వారమే పట్టుకుంది.

గుల్లలు తిరిగిరావడానికి వారం పట్టింది. "వారమా! మా మేవిస్ ఇంటిల్లిపాది దుప్పట్లు పూటలో ఉతుకుతుంది. నీకు యాభై గుల్లలకి వారమా?" అని హార్లన్ క్లబ్బులో అందరి ముందూ దులిపేశాడు. "పైగా గొర్రె కంపు కొడుతున్నాయి!"

"యంత్రం కొత్తది కదరా," అన్నాడు డెల్బర్ట్ నేల చూస్తూ.

ఆ వేసవిలోనే హార్లన్ చెయ్యి బాగుపడింది. మెడ నొక్కే అచ్చుమీదికి ప్రెస్సు పిడి వెన్నలోకి దిగినట్టు దిగుతోంది. బోల్టు రెండు వేళ్లతో మూసుకుంటోంది. దీనికంతటికీ కారణం గుర్రాలకు రాసే ఒక పచ్చటి తైలమని హార్లన్ కనిపెట్టాడు. పొద్దునా సాయంత్రం మణికట్టుకు పట్టించాడు. మంగలికి ఒక సీసా, పోస్టుమాన్‌కు ఒక సీసా బలవంతంగా అంటగట్టాడు. పాదిరి మోకాలికి తానే స్వయంగా రాశాడు.

"చూడు, చూడు!" అని డెల్బర్ట్ ముక్కు ముందు బోల్టు ఆడించాడు. "ఇది కండ. నీ వెయ్యోవంతులు కాదు. కండ!"

"బాగుందిరా. తైలం మానకు," అన్నాడు డెల్బర్ట్.

జులై మొదట్లో డెల్బర్ట్ కళ్ల ఆపరేషన్ కోసం చెల్లెలి ఊరికి వెళ్లాడు. ఒక కన్ను, ఆగి ఇంకో కన్ను, నెల పైమాటే. పీడ విరగడైందని హార్లన్ హాయిగా సాధన మొదలుపెట్టాడు. డెల్బర్ట్ అంతకుముందు తోమి ఇచ్చినవాటిలో ఇంట్లో ఉన్న నలభై గుల్లలనే బకెట్లో కడిగి, మెడ నొక్కి, మళ్లీ మళ్లీ కాల్చాడు. రెండో విడతకు బోల్టు కాస్త మొరాయించింది. తైలం మోతాదు పెంచాడు. మూడో విడతకు రెండు చేతులూ కావాల్సొచ్చాయి. తైలం రాసి, మీద ఊలు గుడ్డ చుట్టాడు. నాలుగో విడతకు బోల్టు సగంలో ఆగి, ఇక కదలనంది.

"కుక్క వరండాలో పడుకుంటోంది, ఆ కంపుకి," అంది మేవిస్. "నన్ను కూడా అక్కడికే పొమ్మంటావా?"

"చెయ్యి పోయింది మేవిస్. మళ్లీ పోయింది," అన్నాడు హార్లన్. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. పోటీకి ఇంకా రెండు రోజులే ఉంది.

ఊళ్లో కొత్త గుల్లలు దొరకలేదు. డెల్బర్ట్ వెళ్లేముందు తోమడానికి తీసుకున్న యాభై అతని గ్యారేజీలోనే ఉన్నాయి. వాటినైనా తెచ్చుకుందామని హార్లన్ ఫోన్ చేశాడు.

"తాళంచెవి పూలకుండీ కింద ఉంటుందిరా. మూడో అరలో నీ పేరుతో డబ్బా. డబ్బా ఒక్కటే తీసుకో. దేన్నీ కెలక్కు."

కెలకొద్దన్నాక కెలక్కుండా ఉండే రకం కాదు హార్లన్. డబ్బా పక్కనే ఒక ఉక్కు అచ్చు ఉంది, ఒళ్లంతా నొక్కేది. దాని మీద అంటించిన పట్టీ మీద 'హార్లన్' అని రాసి ఉంది. అది హార్లన్ తుపాకీ సైజు అచ్చు. డెల్బర్ట్‌కు ఆ సైజు తుపాకీ లేదు, ఏనాడూ లేదు. అచ్చు కింద ఒక అట్టముక్క, దాని మీద లేతు మనిషి పొందికైన రాత:

'హార్లన్. భుజం రెండున్నర వెనక్కి. రెండు చాలదు, చెయ్యి బాగాలేదు. మైనం మొత్తం తుడవాలి, వాసన పట్టేశాడు. నొక్కాక మళ్లీ తోమాలి. వాడికి చెప్పొద్దు, అరుస్తాడు.'

హార్లన్ ట్రక్కులోంచి తుపాకీ తెచ్చాడు. తను కడిగిన ఖాళీ గుల్ల ఒకటి పెట్టి బోల్టు తిప్పాడు. ఆగిపోయింది. దాన్ని తీసి డెల్బర్ట్ డబ్బాలోంచి ఒకటి పెట్టాడు. బోల్టు మీద వేలు ఆనించాడో లేదో, తన బరువుకు తనే కిందికి జారి మూసుకుంది. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. పది పెట్టి చూశాడు. పదకొండోది పెట్టే ఓపిక లేక తిరగేసిన బకెట్ మీద కూలబడ్డాడు. తల కొట్టేసినట్టయింది. వారం ఎందుకు పట్టిందో, ఆ గొర్రె కంపు ఏమిటో, పాదిరి మోకాలి నొప్పి ఎందుకు తగ్గలేదో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ముందు డెల్బర్ట్ మీద ఒళ్లు మండింది. ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. ఈ ముసలి వెధవ కనపడీ కనపడని కళ్లతో వారాల తరబడి ఈ గ్యారేజీలో కూర్చుని, అందరి ముందూ తిట్లు తింటూ, తన గుల్లలు ఒక్కొక్కటే కొలిచాడన్న ఆలోచన వచ్చేసరికి హార్లన్ ముక్కు ఎగబీల్చి, అది తైలం ఘాటు అని తనకు తనే చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చి మేవిస్‌కు చెప్పాడు.

"తైలం కాదని నాకెప్పుడో తెలుసు," అందావిడ. "వంటింటి తలుపు కీలుకి రాశాను. అది కూడా తిరగలేదు."

శనివారం పోటీకి డెల్బర్ట్ పెద్ద నల్లకళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. చెల్లెలు దింపి వెళ్లింది. ఇంకా కాల్చకూడదన్నారట, హార్లన్ వెనక మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆర్డిత్ హార్లన్ బల్ల కింద వంగి వెతికింది.

"చెక్కముక్క ఏదీ?"

"పొయ్యిలో పెట్టాను."

అరవై గజాల అవతల నిలబడ్డా వినపడేలా ఆవిడ "హమ్మయ్య" అంది. హార్లన్ బోల్టు ఆ రోజంతా ఒక్కసారి కూడా మొరాయించలేదు. పదిహేడుమందిలో పదకొండోవాడుగా వచ్చాడు. నిరుడు పన్నెండు.

కాల్పులు ముగిశాక హార్లన్ తన గుల్లలన్నీ ఏరి డబ్బాలో పోసి, డెల్బర్ట్ ఒళ్లో ధడేలుమని పెట్టాడు.

"ఇంద. తోమి ఇవ్వు."

"అలాగేరా. బాగా మెరవాలా?"

"మెరుపు నాకెందుకు? రెండున్నర వెయ్యోవంతులు మెరిస్తే చాలు."

డెల్బర్ట్ నల్లద్దాల వెనక కళ్లు ఏమయ్యాయో కనపడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అలవాటు కొద్దీ జేబులోంచి కాలిపర్ తీశాడు. డబ్బాలోంచి వెచ్చటి గుల్ల ఒకటి తీసి దాని నోట పెట్టాడు. దగ్గరికి పెట్టుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు. అంకెలు అందలేదు.

"ఇటు తే, గుడ్డి సన్నాసీ," అని హార్లన్ లాక్కున్నాడు. గుల్లను సరిగ్గా పట్టి, నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. మళ్లీ చూశాడు. ఆర్డిత్ అటుగా వెళుతూ ఆగిపోయింది.

"హార్లన్! నువ్వూనా?"

"నువ్వు కాసేపు ఊరుకో ఆర్డిత్. ఇక్కడ లెక్క తప్పిపోతుంది," అని విసుక్కుని అతను డెల్బర్ట్ వైపు తిరిగాడు. "నీ మొహం, ఇది ఉబ్బింది రెండున్నర కాదురా. రెండుంబావు!"