పొగమంచులో ఇచ్చిన మాట

కరోనా తగ్గి సౌదీలో రాకపోకలు మొదలైన ఏడాది వేసవిలో నన్ను అబ్హాలోని ఒక ఆసుపత్రికి, అత్యవసర విభాగంలో సీనియర్ స్టాఫ్ నర్సుగా వేశారు. సౌదీ అంటే ఇసుకే అనుకునేవారు అబ్హా గురించి చెబితే నమ్మరు. అక్కడ ఎత్తైన కొండలుంటాయి, జూనిపర్ చెట్లుంటాయి, మధ్యాహ్నం దాటితే పొగమంచు కమ్ముకుంటుంది. ఎండలకు తట్టుకోలేక రియాద్, జెడ్డా జనమంతా కొండ నడకకు అక్కడికే వస్తారు. జారిపడేవారికీ కొదవ ఉండదు.

అలాంటివారిని వెతికి తెచ్చే స్వచ్ఛంద దళంలో నేను వైద్య సభ్యురాలిని. సివిల్ డిఫెన్స్ వారి అనుమతితో పనిచేసేవాళ్ళం. జీతం గీతం ఏమీ లేదు. వాట్సాప్‌లో పిలుపు వస్తే ఎవరి బూట్లు, ఎవరి తాడు వాళ్ళే తెచ్చుకోవాలి. మా నాయకుడు అబూ సాలెం ఒక బడిపంతులు, పద్ధతి అంటే పద్ధతే. వరుస కట్టి నడవాలి, విజిల్ ఊదాలి, ఆగాలి, అందరూ నోరు మూసుకుని చెవులు రిక్కించాలి.

ఒక శుక్రవారం పిలుపు వచ్చింది. నిర్మల్ వైపు నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ గంగాధర్, సెలవు రోజని స్నేహితుడు లింగన్నతో కొండెక్కి, బాట దిగువకు జారిపోయాడు. కాలు కదలడం లేదని లింగన్నకు ఫోన్‌లో చెప్పాడు. మేం చేరాక మాత్రం ఫోన్ ఎత్తడం మానేశాడు. విజిళ్ళు ఊదాం, పేరు పెట్టి పిలిచాం. ఉలుకూ పలుకూ లేదు. స్పృహ తప్పిందేమోనని అబూ సాలెం అన్నాడు. పొగమంచు దిగుతోంది. అది పూర్తిగా కమ్ముకుంటే వెతుకులాట మర్నాటికే.

లింగన్న నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మేడం, ఆని ఇకామా కంపెనోళ్లు రెన్యువల్ చేయించలే. మీ జాకెట్లు, వాకీటాకీలు జూసి పోలీసోళ్లనుకున్నట్టుండు. దొరికితే ఇంటికి తోలేస్తరని దాక్కున్నడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కదలని కాలు కంటే గడువు తీరిన నివాస అనుమతి కార్డుకే మనిషి ఎక్కువ భయపడుతున్నాడు! విషయం చెప్పి హ్యాండ్ మైకు ఇమ్మని అబూ సాలెంను అడిగాను. చెవులు రిక్కించే సమయంలో మాట్లాడకూడదు, పైగా వైద్య సభ్యులు స్ట్రెచర్ దగ్గరే ఉండాలి అన్నాడు. పలకదలుచుకోని మనిషి కోసం ఎంతసేపు చెవులు రిక్కించినా ఏం లాభమని అడిగి, మైకు నేనే అందుకున్నాను.

"నాయనా గంగాధరూ! నేను ఆసుపత్రి నర్సును. మాది కడప. మేం పోలీసోళ్ళం గాదు. నీ ఇకామా ఎవురూ అడగరు. యాడుండావో ఒక్క మాట పలుకు, సాలు."

కాసేపటికి, మేం రెండుసార్లు దాటిపోయిన పొదల్లోంచే గొంతు వచ్చింది.

"నిజంగనేనా అక్కా?"

"నిజమే నాయనా."

మోకాలి కింద ఎముక విరిగి పాదం పక్కకు తిరిగిపోయింది. పాదం తెల్లబడి చల్లగా ఉంది, నాడి అందలేదు. అంటే రక్తం కిందికి పోవడం లేదు. ఆలస్యమైతే పాదం తీసేయాల్సిందే. కాలిని లాగి సరిచేసి బద్దలు కట్టాక నాడి సన్నగా తెలిసింది. తాళ్ళతో స్ట్రెచర్‌ను పైకి చేర్చాం.

పార్కింగ్‌లో కంపెనీ కార్మికుల బస చూసే క్యాంపు బాస్ పికప్ బండితో సిద్ధంగా ఉన్నాడు. మావాడే, మేమే చూసుకుంటాం, క్యాంపులో మందులున్నాయి అని హిందీలో తియ్యగా మొదలుపెట్టాడు. ఆసుపత్రికి చేరితే కార్డు సంగతి బయటపడుతుందని అతని భయం. మా దళం స్ట్రెచర్‌ను అంబులెన్సుకు తప్ప ఎవరికీ అప్పగించదని చెప్పాను. నువ్వెవరు చెప్పడానికి, నీ ఆసుపత్రికి ఫిర్యాదు చేస్తానన్నాడు. నా పూర్తి పేరు ఒక్కో అక్షరం పలికి రాసుకోమన్నాను. ఈసారి అబూ సాలెం కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఆసుపత్రిలో కౌంటర్ గుమాస్తా అడిగిన మొదటి మాట ఇకామా నంబరే. స్ట్రెచర్ మీది మనిషి కళ్ళు నా వైపు తిరిగాయి. నిజం చెప్పాలంటే, కొండ మీద ఆ మాట ఇచ్చినప్పుడు ఈ కౌంటర్ నాకు గుర్తే లేదు. ఇక వెనక్కి తగ్గేది లేదనుకున్నాను. అత్యవసర కేసుకు ముందు వైద్యం, తర్వాతే కార్డు అనే నియమం మా విభాగానికి ఉంది. అదే గుమాస్తాకు చెప్పి, పేరు మాత్రం రాయించి, డ్యూటీ డాక్టరు చేత సంతకం పెట్టించి ఆపరేషన్‌కు పంపాను. పాదం నిలిచింది. రెన్యువల్ చేయించాల్సింది వాళ్ళే గనుక కార్డు సంగతి తర్వాత కంపెనీ మెడకే చుట్టుకుంది, గంగాధర్ జోలికి ఎవరూ రాలేదు.

ఫిర్యాదు నిజంగానే వచ్చింది. ఇకపై కొండలకు వెళ్ళొద్దని ఆసుపత్రి పాలనాధికారి పిలిచి హెచ్చరించాడు. సెలవు రోజు నా సొంతమని జవాబిచ్చి, మరుసటి శుక్రవారమే వెళ్ళాను. రిటైరయ్యేదాకా వెళుతూనే ఉన్నాను.

ఈ కబురు కార్మికుల గదుల్లో పాకింది. ఆ తర్వాత దారి తప్పినవారు దాక్కోవడం మానేసి, తామే మా దళానికి ఫోన్ చేయసాగారు. కౌంటర్ దగ్గర నేను ఆ ఒక్కరోజు నోరు మెదపకపోయి ఉంటే, ఆ కొండల్లో నా పిలుపుకు మరొకరు పలికేవారు కాదు.