నార్వే తాత ఇంటిపేరు

నేను ముసలివాళ్లని చూసుకునే కేరర్‌గా పనిచేసే బ్లాంచర్డ్స్‌టౌన్ నర్సింగ్ హోమ్‌లో ఒక ఐరిష్ పెద్దావిడ ఉండేది. నార్వే నుంచి ఓడలో వచ్చిన తన తాతది ఏ ఊరో, మతిమరుపు ముదిరేలోపు తెలుసుకోవాలని ఆవిడ ఆరాటం. రోజూ నా చెయ్యి పట్టుకుని "దొరికాడా?" అనేది.

టీ బ్రేకుల్లో ఫోన్‌లో నార్వే చర్చి రిజిస్టర్లు తిరగేసేదాన్ని. తండ్రీకొడుకులకి ఇంటిపేరు ఒకటే కదా అని, తండ్రి ఇంటిపేరు తాతదానితో కలవని బాప్తిస్మం నమోదులన్నీ దాటేశాను. ఆ రోజుల్లో వాళ్లకి తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరట, తరతరానికీ మారిపోయేదట! ఆ సంగతి తెలిసేసరికి నెలలు పోయాయి.

నా తెలివి తగలెయ్య, మొదటి వారం దాటేసిన పేజీలోనే ఉన్నాడు తాత, ఊరితో సహా.

పరుగెత్తుకెళ్లి చెప్పాను. ఆవిడ మర్యాదగా నవ్వి, "ఎవరి తాత?" అంది.