సైకిలు గొట్టంలో బెల్లం నీళ్ళు

ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో సైకిలున్నవాడికి సగం మర్యాద, ఉద్యోగమున్నవాడికి నిండు మర్యాద దొరికేది. ఈ రెండూ నాకు ఒకేసారి దక్కే యోగం పట్టింది గానీ, మొదటిది ఉంటేనే రెండోది ఇస్తామని ఒక మెలిక పెట్టారు. బాగేపల్లి మలేరియా ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో, ఫలానా సోమవారం నాటికి సొంత సైకిలుతోనూ, ఊరి పటేలు సంతకం చేసిన నడవడిక పత్రంతోనూ హాజరు కావాలని, కాకపోతే ఆ పని పట్టికలో నా తరువాత పేరు ఉన్నవాడికి పోతుందని రాసి ఉంది. ఊరూరూ తిరిగి, జ్వరమొచ్చినవాళ్ళ వేలి కొసన సూదితో గుచ్చి, రక్తం చుక్కను గాజుబిళ్ళ మీద పూసుకుని రావడం ఆ ఉద్యోగం. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది మా నాన్నను కన్న అవ్వ. మాకున్నది పరగోడు అనే ఊరి పక్కన రెండెకరాల మెట్ట చేను, దానికి ఉన్నది ఆకాశం. ఈ ఉద్యోగం చెయ్యి జారితే నేను మళ్ళీ మడక పట్టి దున్నుకోవాల్సిందేనని నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు. అవ్వ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనకాల పెట్టి రోజూ దానికి కూడా పూలు పెట్టేది.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. మా తాతముత్తాతల నుంచి నాకు సంక్రమించిన ఆస్తిలో చేను కంటే అనుమానం ఎక్కువ. చింతామణిలో ఉన్న మా మామ (అవ్వకు తమ్ముడి కొడుకు) సంగతి తెలిసి, "నా పాత సైకిలు అటక మీద ఉండాది, తీసుకోని పోరా" అనేసరికి నాకు గుండెలో రాయి పడింది. మా మామ ఊరికే ఇచ్చే మనిషి కాదు. విస్తరాకు ఇచ్చినా దాని వెనకాల ఏదో పని ఉంటుంది. సైకిలును కిందికి దింపి, చక్రాలు తిప్పి, బెల్లు కొట్టి, అన్నీ బాగానే ఉన్నాయని తేల్చుకున్నాక నా అనుమానం ఇంకా పెరిగింది. బస్సు మీద వేసుకుని ఇంటికి తెచ్చి, ఒకసారి ఎత్తి కుదిపి చూస్తే, శేరులో రాగులు పోసి ఆడించినట్టు ఫ్రేము లోపల గలగలమంది. సీటు పీకి తలకిందులు చేస్తే కుంకుమలాంటి పొడి దోసెడు రాలింది. మామ మీద నా అనుమానం నిజమైనందుకు ఒక క్షణం సంతోషించి, తరువాత ఏడుపు మొదలుపెట్టాను.

చక్రాలు విప్పి ఫ్రేమును బాగేపల్లికి మోసుకుపోతే, సైకిలు అంగడి సాబు దాన్ని వేలితో తట్టి, చెవి పెట్టి విని, "పైన రంగు బాగుండాదప్పా, లోపల తుప్పు తింటాండాది. ఇట్లే వదిలిపెడితే ఒగనాడు దావలో రెండు ముక్కలైతుంది, ముందు చక్రం ఒగ పక్క, నువ్వు ఒగ పక్క. వారం దినాలు నా దగ్గర పెట్టిపో" అన్నాడు. వారం దినాలట! వారం రోజుల్లో నా ఫ్రేము స్థానంలో ఇంకో పాడు ఫ్రేముకు రంగు వేసి అంటగట్టడానికి ఎంతసేపు? (పాపం, ఆ సాబు అంత నిజాయితీపరుడు ఆ పేటలో లేడని తరువాత ఇరవై ఏళ్ళు ఆయన దగ్గరే పంక్చర్లు వేయించుకుని తెలుసుకున్నాను.) "ఆలోచించి చెప్తాను" అని ఫ్రేమును చంకలో బిడ్డలా పెట్టుకుని వచ్చేశాను.

మా ఊళ్ళో యంత్రాల సంగతి తెలిసినవాడు మిలిటరీ మామ ఒక్కడే. యుద్ధంలో లారీ నడిపి వచ్చాడు. ఆయన చెప్పే బర్మా కథల్లో ఏనుగులూ, బాంబులూ, ఆయనా తప్ప ఇంకెవరూ ఉండరు. నా గోడు విని మీసం దువ్వుకుంటూ, "ఓస్, ఇంతేనా! బెల్లమూ చింతపండూ నీళ్ళలో కలిపి కడవలో పులియబెట్టు. బాగా పొంగినంక ఆ నీళ్ళు గొట్టాల్లో పోసి బిగించు. వారానికి తుప్పంతా మెత్తబడి బురద మాదిరి జారిపోతుంది. బర్మాలో మా లారీలకు అట్లే చేస్తాంటిమి" అన్నాడు. బర్మా మాట వినగానే అనుమానం వచ్చింది గానీ, చింతపండుతో అవ్వ ఇత్తడి బిందెలు తళతళలాడించడం కళ్ళారా చూసినవాణ్ణి. చింతపండు వరకు నమ్మాను, బెల్లాన్ని దేవుడికి వదిలేశాను.

పనిలోకి దిగాను. విరిగిన గొడుగు కమ్మికి కొబ్బరి పీచు చుట్టి కుంచె చేశాను. తెగిపోయిన సైకిలు గొలుసును నులక తాడుకు కట్టి, సీటు గొట్టంలోంచి పెడళ్ళ దగ్గరికి దించి, పైకీ కిందికీ చిలికాను (అవ్వ దూరం నుంచి చూసి, "వెన్న ఏమైనా పడుతుందేమో చూడరా" అంది). ఏటి ఇసుక పోసి, రెండు చేతులా పట్టుకుని, పూనకం వచ్చినవాడిలా ఊపాను. చేయి పోయే చోట తుప్పు పోయింది, చేయి పోని మూలల్లో గట్టిగా కూర్చుంది. ఇక బెల్లం నీళ్ళే గతి. ఒకే అంగట్లో అంత బెల్లం కొంటే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెబితే నా ఫ్రేము మీద పదిమంది కన్ను పడుతుంది. అందుకని మూడు అంగళ్ళలో కొన్నాను. ఒకచోట అవ్వ మొక్కుబడి అన్నాను, ఇంకోచోట ఎద్దుకు మందు అన్నాను, మూడోచోట అడక్కముందే అంగడి దిగేశాను. దొంగసారాయి కాచేవాళ్ళు అచ్చం ఇట్లాగే బెల్లం కొంటారని నాకేం తెలుసు? వెనక గొడ్ల కొట్టంలో, గడ్డివాము చాటున, కడవలో పులియబెట్టాను. పులిసిన నీళ్ళను గొట్టాల్లో పోసి, రంధ్రాలన్నింటికీ కొబ్బరి డొక్క బిరడాలు దిగగొట్టి, గుడ్డ చుట్టి, బంకమట్టి మెత్తి, ఫ్రేమును దూలానికి వేలాడదీశాను. కారే చుక్కలు వృథా కాకుండా కింద కడవ పెట్టాను. ఎవరి కంటా పడకూడదని చుట్టూ గోనెపట్టాలు కట్టాను. ఆ పట్టాలు కట్టడమే నా కొంప ముంచింది.

పక్కింటి పెద్దమ్మకు మా ఇంట్లో కుక్క తుమ్మినా వినబడేది. మూడు రోజులుగా గోడ మీదుగా పులిసిన బెల్లం వాసన వస్తోంది, పిల్లవాడు గంటకోసారి పట్టాల వెనక్కి పోయి చేతులు కడుక్కుంటూ వస్తున్నాడు. ఆవిడ లెక్క ఆవిడ వేసుకుంటూ ఉంది. గురువారం పొద్దున ఆవిడ గోడ పక్కన వడియాలు పెడుతుండగా, లోపలి పులుపు పొంగి, సీటు గొట్టం బిరడా తుపాకి పేలినట్టు ఢామ్మని ఎగిరింది. బిరడా గోడ దాటింది, దాని వెంబడి ఎర్రటి నురగ కూడా దాటింది. వడియాల మధ్యలో నురగలో తడిసి నిలబడి పెద్దమ్మ వేసిన కేక ఊరంతా పాకింది. "వచ్చి చూడండప్పో! గొట్టం ఉండాది, కడవ ఉండాది, మట్టి మెత్తినాడు, గుడ్డ చుట్టినాడు! అవ్వ భజన చేస్తాంటే మనవడు సారాయి బట్టీ పెట్టినాడు!"

గంటలో పటేలప్ప వచ్చాడు. ఆయన జేబులో నా నడవడిక పత్రం ఉంది, ఆ పొద్దే సంతకం చేసి ఇస్తానన్నాడు. ఇప్పుడు జేబును అరచేత్తో మూసుకుని కొట్టంలో నిలబడ్డాడు. తుప్పు కథ మొత్తం ఏకరువు పెట్టాను. "సైకిలుకు బెల్లం నీళ్ళా?" అని ఆయన నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మిలిటరీ మామే చెప్పాడన్నాను. మిలిటరీ మామ గుంపులోనే ఉన్నాడు. "తుప్పు సంగతి చెప్పినానప్పా. వీడు దాంతో ఏం చేస్తాండాడో నాకేం తెలుసు?" అని రెండడుగులు వెనక్కి వేశాడు. బర్మాలో బాంబులకు భయపడని మనిషి!

అప్పుడు పటేలప్ప న్యాయంగానే ఒక మాట అన్నాడు. "ఇది సారాయో కాదో వాసన చూసి ఎవరైనా చెప్పండప్పా." ఒక్కొక్కరే కడవ మీద వంగి చూశారు. ముందటి నెలే పోలీసులు పక్క ఊరి గుట్టలో బట్టీ పట్టుకుని, తాగినవాళ్ళ పేర్లు కూడా రాసుకుని పోయారు. ఆ భయం అందరికీ ఉంది. మొదటివాడు, "పుల్లగా ఉండాదప్పా" అన్నాడు. "సారాయి పుల్లగా ఉంటుందా?" అని పటేలప్ప అడిగాడు. "నాకెట్ల తెలుస్తుంది? నేనెప్పుడన్నా చూసినానా?" అని వాడు పక్కకు తప్పుకున్నాడు. రెండోవాడికి జలుబు. మూడోవాడు వాసన గట్టిగా లోపలికి పీల్చి, కళ్ళు మూసుకుని, ఏదో చెప్పబోయి, భార్య గుంపులో ఉందని గుర్తొచ్చి, "పశువుల వాసనలో ఏమీ తెలీలేదు" అన్నాడు. మిలిటరీ మామను అడిగితే, "రమ్ము వేరే, ఇది వేరే. సర్కారు ఇచ్చింది తాగినానే గానీ ఇట్లాంటివి నాకు తెలీవు" అన్నాడు. శనివారం సంత నుంచి పాటలు పాడుకుంటూ వచ్చేవాళ్ళు అరడజనుమంది నా కళ్ళెదుటే ఉన్నారు. ఒక్కడికీ సారాయి వాసన తెలియదు. అంత పవిత్రమైన ఊళ్ళో పుట్టానని నాకు అంతకుముందు తెలియదు.

"అట్లైతే కడవను బాగేపల్లి పోలీసులకు పంపిస్తా. వాళ్ళే చూసి చెప్తారు. పది పదహైదు దినాలు పట్టొచ్చు" అని పటేలప్ప తేల్చేశాడు. నాకున్నది నాలుగు రోజులు. గొడ్లు మేసే గాడిపాటు మీద కూర్చుండిపోయాను.

పదహైదు దినాలనే మాట విని, అప్పటిదాకా వాకిట్లో నిలబడి ఉన్న మా అవ్వ లోపలికి వచ్చింది. ఆమె ఎవరనుకున్నారు? ఏకాదశి నాడు చుక్క నీళ్ళు ముట్టని మనిషి, శనివారం భజనలో చిడతలు పట్టుకుని ముందు నిలబడే మనిషి. గుంపును చేత్తో పక్కకు నెట్టి, కడవలో వేలు ముంచి, చారులో ఉప్పు చూసినట్టు నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఇది సారాయి కాదు" అంది.

పటేలప్ప అడిగాడు, "నీకెట్ల తెలుసమ్మా?"

"ఎట్ల తెలుస్తుందప్పా? తాగితేనే తెలుస్తుంది. అది నాలిక మీద పడితే భగ్గుమంటుంది, చెవుల్లో వేడి పుడుతుంది. ఇది ఒట్టి పులుపు, తుప్పు పులుపు. మీ మొగోళ్ళకెవరికీ తెలీదంట, నాకు తెలుసు. రాసుకో, నా పేరు కూడా రాసుకో."

పటేలప్ప చిన్నప్పుడు అవ్వ చేతి ముద్ద తిన్నవాడు. ఆమెను అబద్ధమాడుతున్నావని అనలేడు, ఎక్కడ తాగావని అడగలేడు. తల దించుకుని, జేబులోంచి కాగితం తీసి, ఎద్దు వీపు మీద పెట్టి సంతకం చేసి ఇచ్చాడు.

ఆదివారం బిరడాలు పీకితే నల్లటి బురద బుడబుడా కారింది. మిలిటరీ మామ చెప్పింది నిజమే, లోపల ఇనుము తెల్లగా బయటపడింది. నీళ్ళతో కడిగి, ఆముదం పోసి ఆడించి, చక్రాలు బిగించి, సోమవారం ఎండెక్కకముందే ఆఫీసు ముందు దిగాను. ఉద్యోగం వచ్చింది. (ఆరు నెలల దాకా నేను ఏ ఊళ్ళో సైకిలు ఆపినా చీమలు బారులు తీరి సీటు కిందికి ఎక్కేవి. రక్తం తీసేవాడి సైకిలుకు చీమలు పట్టడం చూసి జనం నన్ను ఇంకా అనుమానంగా చూసేవాళ్ళు.)

ఊళ్ళో అనుమానం మాత్రం నన్ను వదిలి అవ్వను పట్టుకుంది. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తే అర్థాలు తీశారు. మిరియాల కషాయం తాగితే, కళ్ళు ఎర్రబడితే, భజనలో ఒక చరణం ఎత్తుకుని పాడితే, అన్నింటికీ అర్థాలు దొరికాయి. చిడతలు పక్కింటి పెద్దమ్మ చేతికి మారాయి. ఒక ముసలాయన గోడ దగ్గరికొచ్చి, "అక్కా, నీకు యాడ దొరుకుతాండాది?" అని గుసగుసగా అడిగి పోయాడు. ఇంత వరకూ నవ్వుతూనే చెప్పగలను. నవ్వలేనిది ఏమిటంటే, నేనూ అనుమానించాను. ఎవరి నాలుక వల్ల నా చేతికి ఉద్యోగం వచ్చిందో, ఆమె మంచం కింది చెంబు తీసి వాసన చూశాను. చూస్తూ ఉండగానే ఆమె లోపలికి వచ్చింది.

"ఏమి దొరికిందిరా?" అని అడిగింది.

"అవ్వా, నిజం చెప్పు. నీకు సారాయి రుచి తెలుసునా?"

"నాకెట్ల తెలుస్తుందిరా, పిచ్చోడా! భగ్గుమంటుందని మీ తాత ఎవరితోనో చెప్తాంటే విన్న్యా, అంతే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ క్షణమే పటేలప్ప దగ్గరికి పోయి ఉన్నది చెప్పేస్తానని, చిడతలు వెనక్కి ఇప్పిస్తానని లేచాను. అవ్వ నా రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. "పోయి ఏమని చెప్తావు? అవ్వకు రుచి తెలీదంటే, మరి కడవలో ఉండింది ఏమి అని మళ్ళీ అడుగుతారు. నాది అబద్ధమైతే నీ కాగితం కూడా అబద్ధమైతుంది. భజన దేవుడికి, యాడ కూర్చోని పాడినా వినబడుతుంది. నోరు మూసుకోని ఉద్యోగం చేసుకో పో." అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆమె బతికిన పదకొండేళ్ళూ ఊరికి తాగుబోతు అవ్వగానే ఉంది. నేను ఆమె మాట ప్రకారం నోరు మూసుకునే ఉన్నాను.

ఇప్పుడు నాకు అప్పటి అవ్వ వయసు దాటిపోయింది. పటేలప్ప లేడు, పెద్దమ్మ లేదు, ఇచ్చిన ఉద్యోగాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అందుకని ఇన్నేళ్ళకు ధైర్యం చేసి చెబుతున్నాను: మా అవ్వ జన్మలో సారాయి ముట్టలేదు. మొన్న ఇదే మాట మా మనవరాలికి చెబితే, ఆ పిల్ల "పో తాతా, తాగకుండా అంత బాగా ఎట్ల చెప్తుంది?" అని నవ్వింది. ఎంత చెప్పినా నమ్మలేదు. కోపం రావాల్సింది, రాలేదు. సాక్ష్యం అంత బాగా చెప్పింది మరి, మా అవ్వ.