కాఫీ తాగాక లాప్‌టాప్ మూత విప్పాను

లాప్‌టాప్ మీట నొక్కగానే విండోస్ కంటే ముందు ఒక చిన్న ప్రోగ్రామ్ మేలుకుంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. మిగతావన్నీ దాన్ని నమ్మి లేచేవే. మామూలుగా అది లోపల ఏం చేస్తుందో తయారుచేసినవాళ్లకే తెలుసు. ఎవరైనా చదివి చూసుకునేలా బయటపెట్టిన ఫర్మ్‌వేర్ కూడా ఉందని, అది కొన్ని లాప్‌టాప్‌లకే సరిపడుతుందని ఇంగ్లండ్‌లో మేముండే మిల్టన్ కీన్స్ లైబ్రరీలో చదివాను. నాది బి.కాం. కంప్యూటర్ గురించి నాకు తెలిసిందంతా ఆ లైబ్రరీ బల్ల దగ్గర నేర్చుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

అలాంటి లాప్‌టాప్ ఒకటి నాకంటూ కావాలనుకున్నాను. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొత్తది కొనుక్కోమన్నారు. కొత్తవాటిలో చాలావాటికి ఫ్యాక్టరీలోనే తాళం వేసేస్తారని, కంపెనీ ముద్ర లేని ఫర్మ్‌వేర్‌ని అవి లేవనివ్వవని చెప్పాను. సరే, నీ ఇష్టం అన్నారు.

ఆ వారమే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక అంకుల్ సామాను ఫొటోలు పెట్టారు. వాళ్లు న్యూకాసిల్‌కి మారిపోతున్నారు. కుర్చీలకీ గ్రైండర్‌కీ మధ్య నేను వెతుకుతున్న పాత మోడల్ కనిపించింది. అయితే ఒక చిక్కుంది. అదే పేరుతో ఆ మోడల్ రెండు రకాల బోర్డులతో వచ్చింది. నాకు కావలసిన ఫర్మ్‌వేర్ ఒకదానికే ఉంది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. అడుగు మూత విప్పితేనే తెలుస్తుంది.

మనవాళ్ల దగ్గర కొనడానికి ఒక పద్ధతుంది. వెళ్లగానే కాఫీ ఇస్తారు. కాఫీ తాగాక వస్తువును పరీక్షిస్తే ఇంటివాళ్లను అనుమానించినట్టే. మా ఇంటి మైక్రోవేవ్ అలా వచ్చిందే. లైటు వెలుగుతుంది, పళ్లెం తిరుగుతుంది, అన్నం మాత్రం వేడెక్కదు. ఇచ్చినవాళ్లు కనిపించినప్పుడల్లా బాగా పనిచేస్తోందనే చెబుతాం.

మావారితో అంకుల్ వాళ్లింటికి వెళ్లి, ఆంటీ ఇచ్చిన కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, స్క్రూడ్రైవర్ ఉందా అని అడిగాను. మావారు కళ్లతోనే వద్దన్నారు. అంకుల్ మొహం చిన్నబోయింది.

“ఏమ్మా, చెడిపోయినదాన్ని అంటగడతానా నేను? మా అమ్మాయి చదువంతా దీని మీదే అయింది.”

“మీ మీద అనుమానం కాదంకుల్. లోపల ఏ బోర్డుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. రెండో రకమైతే నాకు పనికిరాదు.”

“విప్పాక అది కాదని తేలితే?”

“మళ్లీ బిగించి ఇచ్చేస్తా. లోపలి దుమ్ము కూడా దులిపిపెడతా.”

“విప్పనియ్యండి,” అంది ఆంటీ. “మనమూ ఆ సోఫాని కొనేముందు ఇట్టా విప్పి చూసుంటే నా నడుం బాగుండేది.”

అంకుల్ నవ్వాపుకోలేక స్క్రూడ్రైవర్ తెచ్చారు. మెమరీ పక్కన బోర్డు మీద అచ్చువేసిన గుర్తు చూశాను. నాకు కావలసినదే. అంకుల్ కళ్లజోడు సవరించుకుని వంగి, ఆ ఫర్మ్‌వేరో ఏదో ఎక్కడుంటుందని అడిగారు. చిటికెనవేలి గోరంత చిప్ చూపించాను. ఇంత చిన్నదానికా ఇంత గొడవ అన్నారు.

ఆ ఆదివారం చిప్‌కి క్లిప్పు తగిలించి, దాని తీగను ఇంకో కంప్యూటర్‌కి కలిపి, పాత ఫర్మ్‌వేర్‌ని రెండుసార్లు కాపీ తీసి, రెండూ ఒకేలా ఉన్నాయని తేలాకే కొత్తది ఎక్కించాను. మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. చచ్చిపోయిందనుకుని మావారు ఆపేయబోయారు. నేను చెయ్యి పట్టుకున్నాను.

“మొదటిసారి మెమరీని గుర్తుపట్టడానికి కాస్త టైమ్ పడుతుందండీ. చదివాను.”

లోపల నాకూ భయంగానే ఉంది. కాసేపటికి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. మావారు కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదట్నుంచీ చెప్పు అన్నారు. చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ చూసుకోలేదాయన.