గుర్తు మోయని గోడ

నా చిన్నప్పుడు బోయిగూడలోని మా ఇంటి గోడకు ఎన్నికలు వస్తేనే సున్నం పడేది. ఆ సున్నం పార్టీవాళ్లదే. దాని మీద వాళ్ల గుర్తు, వాళ్ల నినాదం వెలిసేవి. మా నాయన, చిన్నాయన ఇద్దరూ రైల్వే వర్క్‌షాపు కార్మికులు. ఎర్రజెండా పట్టినవారు కనుక గోడ కూడా కలిసే రాసేవారు. పార్టీ రెండుగా చీలినప్పుడు అన్నదమ్ములు చెరొక వైపు వెళ్లారు. ఒకే సిద్ధాంతం పేరు చెప్పే రెండు పార్టీలు మా ఒక్క ఇంట్లోనే వెలిశాయి.

ఆ ఎన్నికలలో గోడ ఎవరిదన్న తగాదా మొదలై, ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. వేరుగా వండుకుంటామని చిన్నాయన వరండాలో పొయ్యికి ఇటుకలు తెచ్చి పెట్టాడు. ఆయన కూతురు నాకు చెల్లె; మేమిద్దరం ఒకే కంచంలో తినేవాళ్లం. ఆ ఇటుకలు పొయ్యి అయితే మా కంచాలూ వేరవుతాయి.

మా నాయనమ్మ తన పాత చీరను గోడ నడిమి మేకు నుండి ఎదుటి కరెంటు స్తంభానికి, ఒకరు రాసేది మరొకరికి కనబడకుండా తెరలా కట్టించింది. "చెరో దిక్కు నిలబడుండ్రి. గుర్తులు గిట్ల వెయ్యొద్దు. మీకేం కావాల్నో గది రాయుండ్రి" అన్నది.

"పార్టీ ఒప్పుకోదమ్మా" అన్నాడు నాయన.

"నిన్ను కన్నది పార్టీయా, నేనా?"

ఇద్దరూ రాశారు. చదువు రాని నాయనమ్మ చీర విప్పించి నన్ను చదవమన్నది. "చెమటోడ్చే మనిషికి కూడు, వాని బిడ్డకు బడి" అని నాయన రాశాడు. చిన్నాయన ముందు బడి రాసి, తరువాత కూడు రాశాడు. చీలికకు ముందు వర్క్‌షాపు గేటు మీటింగులలో ఇద్దరూ ఒకే గొంతుతో అరిచిన మాట అది.

"అన్నను సూసి రాసినవా ఏందిరా?" అని పక్కింటివాళ్లు నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. "ఏ దారిన పోవాల్నో కొట్లాడుండ్రి, వద్దనను. ఇంట్ల రెండు పొయ్యిలంటే మాత్రం ఊకోను."

మధ్యాహ్నానికి రెండు పార్టీలవాళ్లూ రంగుడబ్బాలతో వచ్చారు, తమ తమ గుర్తులు వేయాలని. నాయనమ్మ గోడకు వీపు ఆనించి నిలబడింది. "జెర అమ్మను పక్కకు జరగమను, అన్నా. నువ్వు మా మనిషివే గదా?" అన్నాడు నాయన వైపు పార్టీ కార్యకర్త, నాయనతో.

నాయన వెళ్లి నాయనమ్మ పక్కన నిలబడ్డాడు. "నేను గీ మాట మనిషిని. మీరు గిది చేసిననాడు మీ మనిషిని" అన్నాడు. చిన్నాయన తన వాళ్ల వైపు ఒకసారి చూసి, వచ్చి రెండో పక్కన నిలబడ్డాడు. ముగ్గురిలో ఒక్కరూ కదలలేదు. రంగుడబ్బాలు మూతలు తీయకుండానే వెనుదిరిగాయి.

ఆ సాయంత్రం ఆ ఇటుకల మీదే కూర్చుని చెల్లె, నేను ఒకే కంచంలో తిన్నాం.

గోడ మీద రాసిన ఆ మాటలోని బిడ్డను నేనే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. సిద్ధాంతాలకు నిర్వచనాలు కళాశాలలో నేర్చుకున్నాను. వాటి పేరుతో గెలిచి, గెలిచాక వాటిని మరచిన పార్టీలను ఆ తరువాత చూశాను. నేటికీ ఎవరైనా నన్ను ఏ పార్టీ అని నిలదీస్తే, ముందు మీ గుర్తు పక్కన పెట్టి మీ మాట చెప్పండి అంటాను. కోపగించుకునేవారే ఎక్కువ. కోపగించుకోనివ్వండి. గోడకు వీపు ఆనించి నిలబడటం నాకు చిన్ననాడే అలవాటైంది.