కరెంటు తీసి వెతికిన తీగ

ఖతార్‌లో ఉమ్ ఘువైలినా అనే పేటలో ఒక పాత ఫ్లాటుకు ఏసీ బిగించే పని. కంపెనీ మాకు అప్పుడే చేతిలో ఇమిడే మిషన్ ఒకటి ఇచ్చింది. దాన్ని గోడ మీద మెల్లగా జరుపుతూ పోతే, లోపల కరెంటు తీగ ఉన్నచోట ఎర్రలైటు వెలిగి కీచుమంటుంది. గోడ చూడడం నా పని, డ్రిల్లు కొట్టడం అన్న పని. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, మా జగిత్యాల వైపు మనిషి. క్యాంపులో మా ఇద్దరివీ పక్కపక్క మంచాలు. నేను పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట మారుమాట లేకుండా డ్రిల్లు పెట్టేవాడు.

నాకు భయం ఎక్కువ, చాదస్తం అంతకన్నా ఎక్కువ. ఏ ఇంట్లో అడుగుపెట్టినా మెయిన్ ఆపితే గాని గోడను తాకను. ఆ రోజూ అదే చేశాను. మెయిన్ ఆపి, గోడంతా ఓపిగ్గా మిషన్ జరిపాను. ఒక్క కూత లేదు.

"మాఫీ అన్నా, తీగల్లెవ్వు. కొట్టు" అన్నాను. అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదని. డ్రిల్లుకు కరెంటు కావాలి కాబట్టి నేనే వెళ్లి మెయిన్ వేశాను.

డ్రిల్లు గోడలోకి దిగిందో లేదో, భళ్లున మెరిసింది. అన్న నిచ్చెన మీంచి వెల్లకిలా పడ్డాడు. మెడ కింది ఎముక విరిగింది. ఆయన్ని లేపుతుండగానే నాకు సంగతి అర్థమైంది. ఆ మిషన్ కరెంటు ఉన్న తీగనే పసిగడుతుంది. ఇచ్చిన రోజే చెప్పారు. కరెంటు తీసేసిన గోడలో అది దేన్ని చూసి కూయాలి?

ఫోర్‌మన్ వచ్చి అడిగితే మిషన్ ఖరాబైందన్నాను. తప్పు నాదంటే ఇంటికి పంపేస్తారని భయం. వాళ్లు ఆ మంచి మిషన్‌ను చెత్తలో పడేసి కొత్తది ఇచ్చారు. తర్వాత ఊరి నుంచి అన్న భార్య ఫోన్ చేసింది.

"నువ్వు పక్కన్నే ఉన్నవు గద తమ్మీ, ఎట్ల పడ్డడు?"

"మిషన్ మోసం జేసింది వదినా."

"దుబాయిల మిషన్లు గూడ గట్లనే ఉంటయా!" అని ఏడ్చింది. ఆమెకు ఖతార్ కూడా దుబాయే. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, అయినా నోరు విప్పలేదు.

ఎముక అతుక్కున్నాక అన్న మళ్లీ డ్యూటీకి వచ్చాడు. మొదటి పని అల్ ఖోర్‌లో ఒక ఇంట్లో. నేను కొత్త మిషన్ బయటికి తీస్తే చేత్తో పక్కకు నెట్టాడు.

"దాన్ని లోపట వెట్టు తమ్మీ. దాన్ని నమ్మి ఒకసారి పడ్డ. నువ్వు ఏలుతోని సూపెట్టు, గాడ కొడ్త. నువ్వైతే నన్ను సంపుకోవు గద."

డ్రిల్లు పట్టుకుని నా వేలి కోసం చూస్తున్నాడు.

"మిషన్ మంచిదే అన్నా. నేనే మెయిన్ బంద్ వెట్టి సూసిన. తప్పు నాది. మీ అందరికి అబద్ధం చెప్పిన."

అన్న డ్రిల్లు కింద పెట్టి, మెయిన్ వేసి ఉందో లేదో తనే చూసి వచ్చాడు. నా చేతిలోంచి మిషన్ తీసుకుని గోడంతా జరిపాడు. పైన ఒకచోట కూసింది. అక్కడ గుర్తు పెట్టి, దానికి దూరంగా జరిగి డ్రిల్లు కొట్టాడు.

ఆ తర్వాత కూడా చాన్నాళ్లు కలిసే పనిచేశాం. ఒకే గదిలో పడుకున్నాం, ఒకే గిన్నెలో వండుకున్నాం. నవ్వుతూనే మాట్లాడేవాడు. నేను చూసిన గోడను మాత్రం తను మళ్లీ చూసుకోకుండా ఒక్క బొక్క కొట్టలేదు.