మధ్యాహ్నం రెండు గంటల వాదన

ఆ రోజు నేనొక మనిషిని పదిమందిలో నవ్వులపాలు చేసి ఎండలోకి పంపాను. వాదనలో గెలవాలన్న సరదా తప్ప నాకు ఆయన మీద ఏ కోపమూ లేదు. తప్పుకి అది సాకు కాదని తెలుసు. ఇన్నేళ్ళు రాయకుండా దాటవేశాను కాబట్టి ముందు అదే రాస్తున్నాను.

తొంభైల చివర్లో, భిలాయిలో ఒక మే నెల. ఇద్దరం స్టీల్ ప్లాంట్‌లో ఒకే ఫర్నేస్ దగ్గర, ఒకే షిఫ్ట్‌లో పనిచేసేవాళ్ళం. ఆయనది పాలకొండ వైపు, నాది బొబ్బిలి వైపు. చుట్టరికం లేకపోయినా మొదటి రోజు నుంచీ ఒకరినొకరు బావా అనే పిలుచుకున్నాం. పొద్దున్న ఆరింటికి ఎక్కిన షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటికి దిగేది. అంటే, కరిగిన ఇనుము పక్కన ఎనిమిది గంటలు నిలబడి, సరిగ్గా ఎండ మండిపోయే వేళకి సైకిలెక్కేవాళ్ళం. నా క్వార్టర్ సెక్టర్ 7లో, త్వరగానే చేరిపోయేవాణ్ణి. ఆయన ఇంకా చాలా దూరం, మరోదా బస్తీ దాకా తొక్కాలి.

మా ఫర్నేస్ వాళ్ళకి ఒక గర్వం ఉండేది. ఎండకి గొడుగు వేసుకునేవాడు, తలకి తువ్వాలు చుట్టుకునేవాడు ఆఫీసు మనిషని మా లెక్క. ఇనుము కరిగించే వేడిని తట్టుకున్న ఒంటిని సూర్యుడేం చేస్తాడనుకునేవాళ్ళం. ఆ వేడికి చెమటోడ్చిన ఒంట్లో అప్పటికే నీళ్ళుండవని, ఎండదెబ్బ అందరికంటే ముందు మాకే తగులుతుందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆయన కూతురు సెక్టర్ 4 స్కూల్లో తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో తెలుగువాళ్ళ సంఘం పిల్లలకి వక్తృత్వ పోటీ పెట్టింది, తెలుగులోనే మాట్లాడాలని షరతు. భూమి వేడెక్కడం వల్ల ఎండలు, వానలు, తుఫానులు ముదురుతున్నాయా లేదా అన్నది విషయం. మా పిల్లలకి హిందీ వచ్చినంత బాగా తెలుగు రాదు. ఆ అమ్మాయి హిందీలో రాసి ఇస్తే, ఆయన ఆ కాగితాలు క్యాంటీన్‌కి తెచ్చి నా చేత తెలుగు చేయించుకునేవాడు. నాకు పుస్తకాల తెలుగు వచ్చని ఆయన నమ్మకం.

ఆ రోజు షిఫ్ట్ దిగాక క్యాంటీన్‌లో కూర్చుని సగం పేజీ తెలుగు చేశాం. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "బావా, నాను నాలుగు దాకా రెస్ట్ షెడ్‌లో పడుంటాను. నువ్వెల్లు" అన్నాడు.

"ఏటి, ఓవర్‌టైమా?"

"కాదు. మా గుంట ఒట్టేయించుకుంది, ఈ ఎండలో సైకిల్ తొక్కొద్దని. రాత్రి కూడా గోడలు సల్లారట్నేదు బావా. నాలుగు రోజులైపోనాది కన్ను మూసి. మునుపు ఇలాగుండీది కాదు."

"మునుపూ ఇలాగే ఉండీది. నీకు వయసొచ్చింది, అంతే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వినేసరికి నాకు ఊపొచ్చింది. "మా తాత సెప్పీవోడు, ఆళ్ళ కాలంలో ఎండకి పిట్టలు రాలిపోయేవంట. తుఫానొస్తే ఊళ్ళకి ఊళ్ళే పోయేవంట. అప్పుడేటి, భూమికి జొరమొచ్చిందా?"

"అప్పుడూ ఉండేవి, ఎవులు కాదన్నారు? గుంట రాసింది కూడా అదే. ఉన్నవే ముదురుతాయట. ఎప్పుడో గానీ రానివి మాటిమాటికీ వస్తాయట. ఒక్క రోజు ఎండని పట్టుకుని ఇది దానివల్లేనని సెప్పలేమట. అన్ని ఏళ్ళూ కలిపి సూస్తేనే తెలుస్తాదట."

"ఒక్క రోజుని పట్టుకుని సెప్పలేమని నీ కూతురే రాసింది కదా. మరి ఈ ఒక్క రోజుకి నీకింత భయం దేనికి?"

దానికి జవాబు ఉంది: కారణం ఏదైనా, ఆ రోజు ఎండ మాత్రం ఎండే. ఆయన నెమ్మదిగా ఆలోచించుకుని చెప్పే మనిషి, నేను ఆ వ్యవధి ఇవ్వలేదు. పక్క బల్ల వైపు తిరిగి, "విన్నావా భయ్యా? ఇరవై ఏళ్ళు ఫర్నేస్ ముందు నిలబడ్డ మొగోడికి, గేటు దాటాలంటే తొమ్మిదో క్లాసు గుంట పాస్ రాసివ్వాలట" అన్నాను.

క్యాంటీన్ అంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. గ్లాసు పక్కన పెట్టి, "సర్లే, పద" అని లేచాడు. తలకి చుట్టుకుందామని తెచ్చుకున్న తువ్వాలుని సైకిల్ క్యారియర్‌కి బిగించేశాడు.

దారి పొడుగునా వడగాలి మొహాన కొట్టింది. సెక్టర్ 7 మలుపు దగ్గర, మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి వెళ్ళమని అనాల్సింది. అనకపోగా, "బేగి ఎల్లు, మీ ఇంట్లో హెడ్మాస్టరమ్మ కోప్పడతాది" అని ఇంకో మాట విసిరాను. ఆయన చెయ్యి ఎత్తి ఊపి ముందుకి సాగాడు. నేను ఇంటికెళ్ళి అన్నం తిని, కూలర్ వేసుకుని పడుకున్నాను.

ఆయన మరోదా చేరకుండానే రోడ్డు పక్కన పడిపోయాడట. పుచ్చకాయలు అమ్ముకునే ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ నీళ్ళు చల్లి, వచ్చే పోయే వాళ్ళని ఆపి ఆటో ఎక్కించిందట. సాయంత్రం ఆసుపత్రిలో చూస్తే ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. నన్ను గుర్తుపట్టలేదు. మూడో రోజు పోయాడు.

వడదెబ్బ అన్నారు డాక్టర్లు. అతని రాత అన్నారు మావాళ్ళు. పాడె మోసిన నలుగురిలో నేనూ ఉన్నాను. దారిలో ఒకాయన, "నువ్వతన్ని తమ్ముడిలా సూసుకునీవోడివి" అంటే నోరు మూసుకుని ఆ మాట కూడా పుచ్చుకున్నాను.

నెల రోజులకి పైగా ఆ ఇంటి వైపు వెళ్ళలేదు. మొదటి వానలు పడ్డాక ఒక ఆదివారం ధైర్యం చేశాను. ఆయన భార్య తలుపు తీసి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. నేను క్యాంటీన్‌లో అన్న మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా చెప్పాను.

"నాకు తెలుసు అన్నయ్యా" అంది ఆవిడ. "ఆ రోజే ఎవులో వచ్చి సెప్పీసినారు. మీరొచ్చి సెప్తారా, సెప్పరా అని సూస్తన్నాను. ఇన్నాళ్ళు పట్టింది."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండుననిపించింది. లోపలి గదిలోంచి ఆ అమ్మాయి కాగితాలతో వచ్చింది. సంఘం వాళ్ళు పోటీని వాయిదా వేశారు.

"మావయ్యా, ఒక్క రోజుని పట్టుకుని చెప్పలేం అని రాశాను కదా. వో లైన్ కాట్ దూఁ క్యా? కొట్టేయనా? పాపా ఎండకే కదా పోయారు."

ఆ పిల్లకి తండ్రి చావుకి ఒక కారణం కావాలి. కారణం భూమి అయితే, అది అందరి తప్పు. నాకూ అందులో కలిసిపోవడం సుఖంగానే ఉండేది.

"కొట్టెయ్యకమ్మా" అన్నాను. "నువ్వు రాసింది మొత్తం నిజం. ఎండలు ముదురుతున్నాయన్నదీ నిజం, ఆ ఒక్క రోజు గురించి చెప్పలేమన్నదీ నిజం. నాన్న షెడ్‌లో ఉందామనుకున్నాడు. ఉండనివ్వనిది నేను."

ఆ అమ్మాయి కాగితాలు నా చేతికివ్వకుండా గుండెలకి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మిగిలిన తెలుగు ఎవరి చేత రాయించుకుందో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

మరుసటి వేసవి మొదట్లోనే మా షిఫ్ట్ ఫోర్‌మన్‌ని కలిసి, దూరం నుంచి వచ్చేవాళ్ళు నాలుగింటి దాకా రెస్ట్ షెడ్‌లో ఉండేందుకు మాట తీసుకున్నాను. మొదటి రోజు ఒక్కరూ ఆగలేదు. నవ్వుతారన్న భయం. అందుకని ఇల్లు దగ్గరగా ఉన్న నేనే ఆగాను.

"ఏటి గురూ, ఇంట్లో కూలర్ పాడైపోనాదా?" అన్నాడు ఒకడు.

కిందటేడు ఎవరిని ఏమన్నానో, ఆ తర్వాత ఏమైందో అందరి ముందూ చెప్పాను. వాళ్ళలో సగంమంది అప్పుడు నవ్వినవాళ్ళే. మర్నాడు మరోదా వాళ్ళు ఇద్దరు వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. రిటైరయ్యేదాకా ప్రతి వేసవీ నాలుగు కొట్టేవరకూ అక్కడే ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళు ఎందుకని అడిగితే మొదటి నుంచీ చెప్పేవాణ్ణి.